డ్రైవరు వెనక్కి తిప్పిన దారి



"మా వాడు మస్కట్‌లో ఉన్నాడు" అనే మాట కడప బస్సులోనైనా, అమలాపురం బస్సులోనైనా, జగిత్యాల బస్సులోనైనా వినపడుతుంది. ఆ వెంటనే వచ్చేవి జీతం, వీసా, ఇంటికి పంపిన డబ్బు. అక్కడ చూడ్డానికి ఏముందని ఎవరూ అడగరు. ఏళ్ల తరబడి అక్కడ ఉండి కూడా, పనిచేసే చోటు, పడుకునే గది, సెలవునాటి బజారు తప్ప మరేదీ చూడకుండా తిరిగొచ్చినవాళ్లు మనలో ఎందరో. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. సెలవు దొరకదు, బండి ఉండదు, చేతిలో నాలుగు రియాలు మిగిలితే ముందు ఇల్లే గుర్తొస్తుంది.

ఈమధ్య కొంచెం మార్పు వచ్చింది. అక్కడ కంపెనీల్లో, ఆసుపత్రుల్లో కుదురుకున్న పిల్లలు పెద్దవాళ్లను కొన్నాళ్లు వచ్చి ఉండమని పిలుస్తున్నారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, మూడు గంటల పైచిలుకు ప్రయాణం. నేనూ మా ఆవిడా అలాగే మా మేనల్లుడి దగ్గరికి వెళ్లాం. మసీదు, కోటలు, మత్రా బజారు అన్నీ అయ్యాక వాడు "మామయ్యా, ఇక కొండల్లోకి పోదాం" అన్నాడు. ఫోర్ బై ఫోర్ బండి, డ్రైవరే గైడు, తెల్లవారుజామున బయల్దేరితే చీకటి పడేసరికి ఇంటికి. ఒక కొండలోయ, ఒక సముద్రతీరం, మధ్యలో తారు లేని దారులు. ఇవాళ ఆ యాత్ర సంగతులు చెప్తాను. అలాంటి యాత్రలో మనం డబ్బు కట్టేది అసలు దేనికి అన్నదాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది, అదీ చెప్తాను.

ఒమాన్ ఉత్తర భాగంలో హజర్ కొండలనే పెద్ద వరుస ఉంది. మస్కట్ నుంచి ఆగ్నేయంగా, సూర్ అనే పాత ఓడరేవు వైపు వెళ్లేకొద్దీ ఆ కొండలు సముద్రానికి దగ్గరగా జరుగుతూ వస్తాయి. చివరికి కొండకూ కడలికీ మధ్య సన్నటి మైదానం మాత్రం మిగులుతుంది. కొండల మీద పడిన వాన సముద్రంలో కలవాలంటే ఆ రాతిని కోసుకుని రావాలి. అలా కోసుకొచ్చిన లోయల్నే అక్కడ వాదీలంటారు. మన రాయలసీమ వాగుల్లాగే ఏడాదిలో చాలా రోజులు గులకరాళ్లతో ఎండిపోయి ఉంటాయి. కొన్నింటిలో మాత్రం రాతి పొరల్లోంచి ఊట ఏడాది పొడవునా వస్తుంది. మేం చూడబోయిన వాదీ షాబ్ అలాంటిది. మస్కట్‌కు సుమారు 140 కిలోమీటర్లు, తీవీ అనే పల్లె పక్కన.

ఇప్పుడు తీవీ దాకా నున్నటి హైవే ఉంది. ఖురియాత్ అనే ఊరి నుంచి సూర్‌కు తీరం వెంబడి ఆ రోడ్డు పడింది 2000ల చివర్లో. అంతకుముందు అది గులకరాళ్ల బాట. ఇంకా వెనక్కి వెళ్తే, సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కిన 1970లో దేశం మొత్తం మీద తారు రోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదని అక్కడ ప్రతివారూ చెప్తారు. కాబట్టి ఇప్పుడు మనం డబ్బిచ్చి సరదాగా వెళ్లే "ఆఫ్ రోడ్" అక్కడి తాతల కాలంలో రోడ్డే. జ్వరం వచ్చిన పిల్లాణ్ని మస్కట్ తీసుకెళ్లాలన్నా ఆ దారే. మా డ్రైవరు ఈ మాట చెప్పినప్పుడు మా మేనల్లుడు కాస్త ఇబ్బందిపడ్డాడు. వాడు అప్పటికే ఫోనులో గుంతల దారి వీడియో కోసం ఎదురుచూస్తున్నాడు.

డ్రైవరు నలభై దాటిన మనిషి. తెల్లటి దిష్‌దాషా, తలమీద దారపు పని చేసిన కుమ్మా టోపీ. ఇంట్లో బలూచీ మాట్లాడతాడు, బడిలో అరబ్బీ నేర్చాడు, హిందీ మాత్రం సినిమాల పుణ్యం. నన్ను "చాచా" అన్నాడు, మా ఆవిణ్ని "చాచీ" అన్నాడు. దాంతో దారంతా హిందీలో నడిచిపోయింది. బయల్దేరే ముందు అతను బండి వెనక తలుపు తీసి సామాను చూసుకున్న తీరు నాకు నచ్చింది. తాడు, పార, చక్రాల కింద వేసే పలకలు, గాలి కొట్టే చిన్న మిషను, రెండు పెట్టెల నీళ్లు, లైఫ్ జాకెట్లు. ఒక్కొక్కటీ చేత్తో తాకి చూశాడు. మనవాళ్లు తీర్థయాత్రకు బయల్దేరేటప్పుడు మూటలు లెక్కపెట్టినంత శ్రద్ధగా చూశాడు.

ముందు దూరంగా ఉన్న వాదీ షాబ్‌కు వెళ్లి, తిరిగి వస్తూ మిగతావి చూడాలని అతని లెక్క. ఎండ ముదరకముందే లోయలో ఉండాలి, జనం దిగకముందే బయటపడాలి. సెలవు రోజుల్లో అక్కడ పడవ కోసం వరస కట్టాల్సి వస్తుంది.

వాదీ షాబ్ ముఖద్వారం దగ్గర హైవే వంతెన ఆకాశంలో వేలాడుతున్నట్టుంటుంది. దాని కింద పచ్చటి మడుగు, మడుగు అవతల ఖర్జూరపు చెట్లు. దాటించడానికి చిన్న పడవలుంటాయి, మనిషికి రాకపోకలకు కలిపి ఒక రియాలు. రియాలంటే మన డబ్బులో రెండు వందల రూపాయల పైమాటే. పడవ ప్రయాణం రెండు నిమిషాలు కూడా ఉండదు. మా ఆవిడ "గోదావరి దాటడానికి కూడా ఇంత తీసుకోరు" అంది. నిజమే, కానీ ఈ మడుగు దాటకపోతే లోయే లేదు.

అవతల నుంచి ముప్పావుగంట నడక. మొదట్లో తోటల పక్కన చదునుగా ఉంటుంది, తర్వాత బండరాళ్ల మీద ఎక్కిదిగడం. రెండు పక్కలా గోడల్లా లేచిన సున్నపురాయి. నాలుగైదు కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న రాయి అది. తర్వాత భూమి కదలికల్లో పైకి లేచింది, ఇప్పుడు నీళ్లు దాన్ని కోస్తున్నాయి. మన గండికోటలో పెన్నా ఎర్రమల కొండల్ని కోసిన చోటును పైనుంచి చూస్తాం. అంచున నిలబడి లోతు చూసి కళ్లు తిరిగి వెనక్కొస్తాం. ఇక్కడ అంచు లేదు. మనం అడుగున నడుస్తుంటాం, తల పైకెత్తితే ఆకాశం సన్నగా పట్టీలా కనపడుతుంది. లోయను అర్థం చేసుకోవాలంటే ఇలా అడుగు నుంచి చూడటమే మేలని నాకనిపించింది. గండికోట అభిమానులు క్షమించాలి.

నడక పొడవునా పక్కనే ఒక సిమెంటు కాలువ కనపడుతుంది. జానెడు వెడల్పు కొంతచోట, మూరెడు కొంతచోట. కొండ గోడకు అతుక్కుని, మన మోకాలి ఎత్తున, ఒక్కోచోట తలకంటే పైన పోతుంది. దాన్ని ఫలజ్ అంటారు. ఎక్కడా మోటారు లేదు. పైన వాదీలో ఎత్తైన చోట నీటిని పట్టి, లోయ వాలుకంటే తక్కువ వాలుతో కాలువను నడిపించుకుంటూ వస్తే కింద పల్లె తోటల ఎత్తుకు నీళ్లు వాటంతటవే చేరతాయి. చెప్పడానికి ఒక వాక్యం. ఆ వాలు తప్పకుండా కొండ అంచున కాలువ తవ్వడానికి ఎన్ని తరాల కంటిచూపు ఖర్చయిందో చూస్తే తెలుస్తుంది. ఇలా వాగులో పైకి తేలిన నీళ్లను మళ్లించే రకాన్ని గైలీ అంటారు. నేలలోపల సొరంగం తవ్వి దూరంనుంచి భూగర్భజలాన్ని తెచ్చే రకం దావూదీ. ఊటబుగ్గ నుంచి తీసేది ఐనీ. ఒమాన్‌లో ఇలాంటివి 3,000 దాకా ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నీళ్ల పంపకం మాట అడిగాను. రైతు రైతుకు వంతు ఉంటుంది, వంతు కొలిచేది కాలంతో. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి కొలిచేవారట, ఇప్పుడు గడియారం వచ్చింది. వంతులు తప్పకుండా చూడటానికి ఊరు ఒక మనిషిని పెట్టుకుంటుంది. మన చెరువుల కింద తూము తెరిచి మూసే నీరటికాడు ఉండేవాడు కదా. మన దగ్గర నీరటికాళ్లు చాలా ఊళ్లలో పోయారు. అక్కడ ఆ పని ఇంకా బతికే ఉంది. "కాలువ మీద నడవొద్దు, దాని అంచు విరిగితే కింద తోట ఎండుతుంది" అని మా డ్రైవరు మొదటే చెప్పాడు. మా ముందు వెళ్లిన ఓ గుంపు మాత్రం ఫొటోల కోసం దాని గట్టు మీదే నిలబడ్డారు. గైడు లేకుండా వచ్చినవాళ్లు. వాళ్లకు అది వట్టి గోడ.

నడక అయిపోయిన చోట మడుగులు మొదలవుతాయి. ఇక్కణ్నుంచి ముందుకు పోవాలంటే నీళ్లలోనే. ఒక మడుగులో ఈదడం, బండ ఎక్కడం, మళ్లీ మడుగు. కొన్నిచోట్ల కాళ్లు అందుతాయి, కొన్నిచోట్ల అందవు. చివరి మడుగు దగ్గర రాతిలో ఒక చీలిక, మనిషి తల పట్టేంత. ఆ సందులోంచి తల నీటిపైన పెట్టుకుని దూరితే లోపల ఒక గుహ, గుహలో జలపాతం. వెలుతురు ఆ సందులోంచి, నీటి అడుగునుంచి వస్తుంది కాబట్టి లోపలి నీళ్లు నీలంగా వెలుగుతుంటాయి. 2012లో కొండలమీంచి నీళ్లలోకి దూకే అంతర్జాతీయ పోటీల చివరి అంకం ఈ లోయలోనే జరిగింది. 27 మీటర్ల ఎత్తునుంచి దూకారు. అదే లోయలో నేను లైఫ్ జాకెట్టు వేసుకుని, రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ, మేనల్లుడి వెనకాల వెళ్లాను. మా ఆవిడ మొదటి మడుగు దగ్గరే బండమీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది, చేపపిల్లలు వచ్చి పాదాలు కొరుకుతుంటే నవ్వుకుంటూ. ఆవిడ యాత్ర నాదాని కంటే తక్కువేమీ కాదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. మనవాళ్లలో ఈత రానివాళ్లే ఎక్కువ. పల్లెల్లో బావుల్లో నేర్చిన తరం పోయింది, పట్టణాల పిల్లలు కొలనుల్లో రెండు నెలలు నేర్చుకుని వచ్చిందనుకుంటారు. వాదీ నీళ్లు కదలకుండా, అద్దంలా ఉంటాయి. అడుగు కనపడుతుంది కాబట్టి లోతు లేదనిపిస్తుంది. రాళ్లకు పాచి. నడిచి, అలిసి, ఎండలో వేడెక్కిన ఒంటితో చల్లటి నీళ్లలోకి దూకితే ఈత వచ్చినవాడికీ ఊపిరి తప్పుతుంది. షాబ్‌లో మునిగిపోయినవాళ్లున్నారు. "నాకు వచ్చు" అని జాకెట్టు విప్పబోయిన మా మేనల్లుణ్ని డ్రైవరు మెత్తగానే, ఒక్క మాటతో ఆపాడు: "నాతో వస్తే ఇదే పద్ధతి." వాడు మళ్లీ తగిలించుకున్నాడు.

బట్టల విషయమూ అతను ముందే చెప్పాడు. లోయ మొదట్లో పల్లె మనుషులు తిరుగుతారు, తోటపని చేసుకుంటారు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, నీళ్లలోకి కూడా టీషర్టు, పొడుగు నిక్కరు. మనవాళ్లకు ఇది కష్టమేమీ కాదు, చీరకట్టు మాత్రం ఈ రాళ్లమీద పనికిరాదు. తడిసినా జారని బూట్లు కావాలి. హవాయి చెప్పులతో వచ్చినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు ఒక చెట్టు చూపించాడు. నా తలకంటే చాలా ఎత్తున, కొమ్మల మధ్య ఎండుగడ్డి, పుల్లలు, ఒక చిరిగిన ప్లాస్టిక్ సంచి చిక్కుకుని ఉన్నాయి. పక్షిగూడు అనుకున్నాను. "అది నీళ్లు వచ్చిన ఎత్తు" అన్నాడు. మేం నిలబడిన చోట అంత లోతు వరద పారిందన్నమాట.

హజర్ కొండలు బోడి కొండలు. నీటిని పీల్చే మట్టి లేదు, ఆపే అడవి లేదు. పైన ఎక్కడో గంటసేపు గట్టివాన పడితే ఆ నీరంతా ఒకేసారి లోయల్లోకి దిగుతుంది. కింద ఆకాశం నిర్మలంగా ఉండొచ్చు, ఎండ కాస్తుండొచ్చు. నీళ్లు మాత్రం గోడలా వస్తాయి. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు మస్కట్, ఖురియాత్ ప్రాంతాలు అతలాకుతలమయ్యాయి, దేశంలో యాభై మంది దాకా పోయారు. 2024 ఏప్రిల్ వరదల్లో బడిపిల్లలు ప్రయాణిస్తున్న వాహనం వాదీలో కొట్టుకుపోయింది. పారుతున్న వాదీలోకి బండి దించడం అక్కడ చట్టప్రకారం నేరం. అయినా ప్రతి వానకూ ఎవరో ఒకరు ప్రయత్నిస్తూనే ఉంటారు. మన దగ్గర కాజ్‌వేల మీద కొట్టుకుపోయే బస్సులు, ఆటోలు గుర్తున్నాయి కదా.

షాబ్ నుంచి బయటపడి వెనక్కి వచ్చే దారిలో ఫిన్స్ తీరం. హైవే దిగగానే గులకరాళ్ల బాట మొదలైంది. డ్రైవరు బండి ఆపి చక్రాల్లో గాలి తీశాడు. 35 పాయింట్లున్న గాలిని 25కు దించాడు. మెత్తటి ఇసుకలోకి వెళ్లేటట్టయితే 15, 18 దాకా తీస్తారట. గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ ఆనుతుంది, బండి బరువు ఎక్కువ చోటు మీద పంచుకుంటుంది, ఇసుకలో దిగబడదు, రాళ్లమీద ఎగరదు. మళ్లీ తారు రోడ్డెక్కేముందు గాలి కొట్టుకోవాలి, లేదంటే టైరు వేడెక్కి పగులుతుంది. సొంతబండ్లతో వచ్చేవాళ్లలో సగం మంది ఈ రెండో పని మరిచిపోతారని అతని ఫిర్యాదు.

ఫిన్స్ తీరం మన తీరాల్లా పొడుగ్గా పరుచుకున్న ఇసుక కాదు. రాతి మిట్టలు సముద్రంలోకి చొచ్చుకొచ్చి, వాటి మధ్య చిన్న చిన్న అరల్లాంటి ఒడ్లు. తెల్లటి గులకరాళ్లు, ముతక ఇసుక. నీళ్లు ఒడ్డు దగ్గర పచ్చగా, కొంచెం ముందుకు పోతే ముదురు నీలంగా. చెట్టు నీడ అన్నది లేదు. బండి నీడలో చాప పరుచుకుని మా ఆవిడ తెచ్చిన పులిహోర తిన్నాం. డ్రైవరు ఇష్టంగా రెండోసారి పెట్టించుకున్నాడు, మిరపకాయలు మాత్రం ఏరి పక్కన పెట్టాడు. తర్వాత తన ఫ్లాస్కులోంచి యాలకులు వేసిన కహ్వా చిన్న పిడిలేని కప్పుల్లో పోశాడు, దాంతోపాటు ఖర్జూరాలు. కప్పు ఖాళీ అయినకొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. అది తెలియక నేను ఎన్ని తాగానో.

మేనల్లుడికి బండిని నీళ్ల అంచు దాకా దించి, అలలు ఎగజిమ్ముతుండగా నడిపించాలని కోరిక. ఇలాంటి యాత్రల ప్రకటనల్లో అలాంటి బొమ్మలే వేస్తారు. డ్రైవరు ససేమిరా అన్నాడు. ఈ తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇంకా ఆగ్నేయాన రాస్ అల్ జింజ్‌లో పచ్చ తాబేళ్ల కోసం 1996లో ఒక రక్షిత ప్రాంతమే ఏర్పాటు చేశారు. చక్రం ఇసుకను గట్టిపరిస్తే కింద గుడ్లు నలుగుతాయి. నలగకుండా మిగిలిన పిల్లలు బయటికి వచ్చి సముద్రం వైపు పాకేటప్పుడు చక్రాల గాడిలో పడితే పైకి ఎక్కలేవు, తెల్లారితే పక్షుల పాలు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కాపాడే కుర్రాళ్లను అడిగితే ఇదే చెప్తారు. తీరం మీద బండి నడపడం సరదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బాట అయిపోయిన చోట దిగి నడవడానికి కాళ్లున్నాయి కదా.

ఆ తీరం వెనక గోడలా లేచిన కొండమీద సల్మా పీఠభూమి ఉంది. అక్కడ మజ్లిస్ అల్ జిన్ అనే గుహ. అంత పెద్ద భూగర్భ గది ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. ఫిన్స్ నుంచి పైకి బాట ఉంది, చూడగానే నాకు చెమటలు పట్టాయి. ఒక్కరోజు యాత్రలో అది కుదరదన్నాడు డ్రైవరు, నేను బతిమాలలేదు.

దారిలోనే బిమ్మా గొయ్యి. సముద్రానికి అరకిలోమీటరు పైచిలుకు లోపల, చదునైన నేలలో హఠాత్తుగా ఒక పెద్ద గుండ్రటి గొయ్యి, అడుగున నీలాకుపచ్చ నీళ్లు. చుక్క రాలి పడిందని జానపదుల నమ్మకం, దాని అరబ్బీ పేరు హవియత్ నజ్మ్ కూడా చుక్కదే. అసలు జరిగింది సున్నపురాయి కరగడం. మన బెలుం గుహలను తొలిచిన పనే ఇక్కడా జరిగింది. లోపల గుహ ఏర్పడి, పైకప్పు కూలితే ఈ గొయ్యి మిగిలింది. చుట్టూ పార్కు కట్టి, దిగడానికి మెట్లు కట్టారు. బాగానే ఉంది. పావుగంట చాలు.

ఇక మధ్యాహ్నం ఎండ వాలుతుండగా, అసలు ఆఫ్ రోడ్ కోసమని పెట్టుకున్న వాదీ అల్ అర్బయీన్‌కు మళ్లాం. హైవే దిగి కొండల్లోకి దూరే గులకరాళ్ల బాట అది. కొంతదూరం వాదీ పక్కన పోతుంది, కొంతదూరం వాదీలోనే పోతుంది. మడుగుల పక్కనుంచి, ఖర్జూరపు తోటల మధ్యనుంచి, మళ్లీ రాళ్లమీదికి. డ్రైవరు ఫోర్ లో గేరు వేశాడు. ఆ గేరులో ఇంజను చక్రాలకు చాలా నెమ్మదిగా, చాలా బలంగా తిప్పుడునిస్తుంది. దిగుడులో బ్రేకు తొక్కితే చక్రం బిగిసి జారుతుంది కాబట్టి కాలు పూర్తిగా తీసేసి ఇంజనుతోనే బండిని ఆపుకుంటూ దించుతారు. మా ఆవిడ పైన ఉన్న పిడి పట్టుకుని దేవుళ్లందరినీ తలుచుకుంది. నాకు మాత్రం ఎక్కడా దడ పుట్టలేదు. మనిషి నడిచే వేగం కంటే కొంచెం ఎక్కువలో పోతున్నాం. టీవీల్లో దుమ్ము రేపుతూ ఎగిరే జీపులు ఎక్కడివో నాకు తెలీదు గాని, పని తెలిసినవాడు నడిపితే ఆఫ్ రోడ్ అన్నది చాలా నిదానమైన వ్యవహారం.

రెండో చోట వాదీ దాటాల్సి వచ్చింది. పిక్కలు మునిగేంత నీళ్లు, తేటగా ఉన్నాయి. డ్రైవరు బండి ఆపి దిగాడు. నీళ్ల దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాడు, తర్వాత తల ఎత్తి కొండల వెనక చూశాడు. అక్కడ ఒక మబ్బు. పెద్దదేమీ కాదు, అడుగు మాత్రం నల్లగా ఉంది. హజర్ మీద మధ్యాహ్నం దాటాక అలాంటి మబ్బులు మామూలేనట. ఫోను తీశాడు, సిగ్నలు అందలేదు. అక్కడే ఖర్జూరపు తోటలో పనిచేసుకుంటున్న ముసలాయన దగ్గరికి నడిచి వెళ్లాడు. పలకరింపులే ఐదు నిమిషాలు నడిచాయి. ఆరోగ్యం, పిల్లలు, ఊరు, అన్నీ అయ్యాక మబ్బు మాట వచ్చింది. ముసలాయన కొండవైపు చూసి భుజాలెగరేశాడు. డ్రైవరు తిరిగొచ్చి, "వెనక్కి వెళ్దాం" అన్నాడు.

మేనల్లుడు ఊరుకోలేదు. ఇంకా కొద్దిదూరమే కదా, అవతలి మడుగు చూసి వచ్చేద్దాం, నీళ్లు తేటగా ఉన్నాయి, ఎండ కాస్తోంది, ఇంత డబ్బు కట్టాం. డ్రైవరు కోపం తెచ్చుకోలేదు. వరద వచ్చేముందు నీళ్లు మసకబారతాయి, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తాయి, దూరంనుంచి చప్పుడు వినపడుతుంది, కానీ అవన్నీ కనపడేసరికి నువ్వు అవతలి ఒడ్డున ఇరుక్కుని ఉంటావు అని చెప్పాడు. "దాటితే తిరిగి దాటాలి కదా బేటా" అన్నాడు. బండి తిప్పాడు.

ఆ సాయంత్రం వాన పడలేదు. మబ్బు విడిపోయింది. మస్కట్ చేరేసరికి చుక్కలు కనపడుతున్నాయి. మేనల్లుడు ఇంటికొచ్చేదాకా దెప్పుతూనే ఉన్నాడు, "చూశారా మామయ్యా, చుక్క పడలేదు" అని. నేను మాత్రం ఆ రోజు కట్టిన డబ్బు మొత్తం ఆ ఐదు నిమిషాలకే చెల్లిందనుకుంటున్నాను. ల్యాండ్ క్రూజరు ఎవరైనా అద్దెకిస్తారు. గూగుల్ మ్యాపులో వాదీ అల్ అర్బయీన్ దారి ఉంది. మేనల్లుడికి లైసెన్సూ ఉంది. లేనిదల్లా ఆ మబ్బు చూసి, తోటలో ముసలాయనతో మాట్లాడి, కట్టిన డబ్బు మొహం చూడకుండా బండి తిప్పే బుద్ధి. వాన పడిందా లేదా అన్నదానితో ఆ తీర్పు తప్పొప్పులు తేలవు. ఆ పూటకు ఉన్న గుర్తులను బట్టి అది సరైనది.

చిత్రమేమిటంటే, వరద తెచ్చే ఆ నీటికోసమే ఒమాన్ అంతా ఎదురుచూస్తుంది. తిరుగు దారిలో ఖురియాత్ దాటుతుంటే, లోపల కొండల్లో ఉన్న వాదీ దైఖా ఆనకట్ట గురించి డ్రైవరు గర్వంగా చెప్పాడు. 2012లో ప్రారంభించారు, పది కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి, అంటే మన లెక్కలో మూడున్నర టీఎంసీలు. శ్రీశైలం, సాగర్ చూసినవాళ్లకు చిన్నదే. నది అన్నదే లేని దేశానికి అది పెద్ద సంగతి. నిండిన రోజున కుటుంబాలు కుటుంబాలు వెళ్లి చూసి వస్తారట, సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మనం వెళ్లినట్టే.

మీలో ఎవరి పిల్లలైనా మస్కట్‌లో ఉండి, ఇలాంటి యాత్రకు పిలిస్తే వెళ్లండి. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం బాగుంటుంది, ఎండాకాలంలో వద్దే వద్దు. బేరం కుదుర్చుకునేటప్పుడు ఎన్ని చోట్లు చూపిస్తారని మాత్రం అడక్కండి. ఎక్కువ చోట్లు చెప్పేవాడు ఎక్కడా ఆగనివ్వడు. గైడుకు ప్రభుత్వ లైసెన్సు ఉందా, అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లున్నాయా, బండిలో తాడూ నీళ్లూ ఉన్నాయా అని అడగండి. వాతావరణం బాగోకపోతే ఏం చేస్తారని అడగండి. "ఏం పరవాలేదు, ఎలాగైనా తీసుకెళ్తాం" అన్నవాడికి నమస్కారం పెట్టి ఇంకొకణ్ని చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లోయలో చివరిదాకా వెళ్లాలని పంతం పట్టొద్దు. మొదటి మడుగు దగ్గర కూర్చున్నా మనిషికి ఒక రియాలు గిట్టుబాటే, మా ఆవిడ సాక్షి. ప్లాస్టిక్ సంచులు, విస్తళ్లు తిరిగి బండిలో వేసుకోండి.

అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆ రెండు రోజులూ వాదీ షాబ్ కిటకిటలాడుతుంది. మీ పిల్లలకు వీలైతే ఒక ఆదివారం సెలవు పెట్టించి, పొద్దున ఏడింటికల్లా ఆ పడవ దగ్గర ఉండండి.